అర్ధాయువంటే సగం ఆయుష్షు కాదు

శనివారం పొద్దున పుంగనూరు బస్టాండు పక్కన మునెప్ప సెలూన్‌లో గడ్డం గీయించుకుంటున్నాను. నా గడ్డం ఎన్నో ఏళ్లుగా అతని చేతిదే. నురగ పూసి, గొంతు మీద రెండు వేళ్లు పెట్టి చర్మం సాగదీసినవాడు అక్కడే ఆగిపోయాడు.

"రేడియమప్పా, ఈడ ఏందో గోలీ మాదిరి తగలతాండాది. ఎంగిలి మింగు, సూస్తాం."

మింగాను.

"నువ్వు మింగితే అదీ పైకి లేస్తాండాది. కత్తి పెట్టాలంటే నాకు భయంగా ఉండాది."

"నొప్పేం లేదులే, గీయి."

"నొప్పి ఉండింటే నువ్వే పొయ్యుందువు. లేదు కాబట్టే నేను సెప్తాండా."

ఆ మాటకు నేను నవ్వాను కానీ, ఆ రోజంతా నా చేయి గొంతు దగ్గరికే పోయింది.

నా పేరు దేవదానం. ఊళ్లో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పరు. బండ్లకు నంబరు ప్లేట్లు, స్టిక్కర్లు వేసే అంగడి నాది. చీకట్లో మెరిసే ఆ కాగితాన్ని మనవైపు అందరూ 'రేడియం' అంటారు కదా, అందుకని నేను రేడియమప్పనయ్యాను. నిజానికి అందులో రేడియం రవ్వంత కూడా ఉండదు. దాని మీద ఇసుక కన్నా సన్నటి గాజు పూసలు పరిచి ఉంటాయి. ఎదుటి బండి దీపం పడితే ఆ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. దీపం పడకపోతే అది నల్లగా పడుంటుంది. అసలు రేడియానికి ఎవరి దీపమూ అక్కర్లేదు. అది తనంతట తానే ఏదో ఒకటి విసురుతూ ఉంటుంది.

ఇదంతా నాకు బడి చెప్పలేదు, మదనపల్లె గ్రంథాలయం చెప్పింది. మా నాన్న మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో తోటమాలి. ఆయన పోయాక నా చదువు పదో తరగతితో ఆగింది. పగలు బోర్డులు రాసే పెయింటరు దగ్గర పని. సాయంత్రం చేతులకు కిరసనాయిలు రుద్దుకుని, ఆ వాసనతోనే గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. "పేజీలకు రంగు అంటిందో, చూసుకో" అనేవారు గ్రంథపాలకుడు, కానీ కొత్త సైన్సు పుస్తకం వస్తే నాకోసం పక్కన పెట్టేవారు. బయట టమోటా లారీలు హారన్లు కొట్టుకుంటూ పోయేవి. చలికాలంలో హార్స్లీ హిల్స్ వైపునుంచి గాలి వీస్తే కిటికీ తలుపులు కొట్టుకునేవి. నేను పరమాణువు, కేంద్రకం, సమస్థానీయాలు అని ఆ మాటల్ని పెదాలతో పలుకుతూ చదివేవాణ్ని. ఆ పలకడంలోనే ఒక రుచి ఉండేది.

ఒక పుస్తకంలో బొమ్మ ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఎడమవైపు ఒక చిన్న చుక్క. దానినుంచి మూడు బాణాలు. ఆల్ఫా బాణం కాగితం దగ్గరే ఆగిపోతుంది. బీటా బాణం కాగితం దాటి అల్యూమినియం రేకు దగ్గర ఆగుతుంది. గామా బాణం రెండూ దాటుకుని పోయి సీసపు దిమ్మె దగ్గరగానీ నీరసించదు. ఆ బొమ్మను నేను పెయింటు కుంచెతో మా ఇంటి గోడ మీద వేశాను. అమ్మ సున్నం కొట్టేదాకా అది అక్కడే ఉంది.

జబ్బు కథలో ఈ పాత జ్ఞాపకాలు ఎందుకంటే, ఆసుపత్రిలో నాకు వాటితోనే పని పడింది.

సోమవారం మదనపల్లెలో డాక్టరమ్మ గొంతు నొక్కి చూసి, అల్ట్రాసౌండ్ చేయించింది. "థైరాయిడ్‌లో నాడ్యూల్ ఉంది. ఎఫ్‌ఎన్‌ఏసీ చేద్దాం" అంది. సన్న సూదితో కొంచెం లాగి పరీక్షకు పంపడం. నొప్పి చీమ కుట్టినంతే. రిపోర్టు కోసం ఎదురుచూడటమే ఎక్కువ నొప్పి. వచ్చిన మాట 'పాపిల్లరీ కార్సినోమా'.

"భయపడకండి. కేన్సర్లలో ఇది మంచి కేన్సర్" అంది డాక్టరమ్మ.

బయటికి వచ్చాక నా భార్య రూతు అడిగింది. "మంచి కేన్సరేందయ్యా? పాముల్లో మంచి పామూ సెడ్డ పామూ అని ఉంటాయా?"

అది నాకెందుకు వచ్చిందో మాత్రం ఊళ్లో అందరికీ తెలుసు. "ఇన్నేండ్లు రేడియం ముట్టుకుని ముట్టుకుని తెచ్చుకున్యాడు" అని. నంబరు ప్లేటుకు వచ్చిన ఒకాయన బండి దూరంగా నిలబెట్టి, "మా పిల్లోళ్లకి ఏం కాదు కదప్పా, ఇది బండికి అతికిస్తే?" అని అడిగాడు. గాజు పూసల సంగతి చెప్పాను. తలూపి, ప్లేటుకు పెయింటే వేయమన్నాడు.

ఆపరేషన్ కుప్పంలో జరిగింది. మా అమ్మాయి షారోనును అక్కడే ఇచ్చాం. అప్పటికి తనకు ఐదో నెల. టోటల్ థైరాయిడెక్టమీ, అంటే గ్రంథి మొత్తం తీసేశారు. పక్కన కొన్ని లింఫ్ నోడ్స్‌లో కూడా కేన్సర్ కణాలు కనబడ్డాయని వాటినీ తీశారు. మర్నాడు వేళ్లకొనలు, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి. చేతివేళ్లు వాటంతటవే ముడుచుకుపోయాయి. "కాల్షియం పడిపోయింది" అని సూదిమందు ఎక్కించారు. గొంతు బొంగురుపోయింది. ఇంటికి రావలసినవాణ్ని ఇంకా కొన్నాళ్లు ఆసుపత్రిలోనే ఉండిపోయాను.

డిశ్చార్జి రోజు సర్జన్ చెప్పారు. "మిగిలిన కణాలు ఎక్కడైనా ఉంటే వాటికి రేడియో అయొడిన్ ఇవ్వాలి. అది ఇక్కడ లేదు, బెంగళూరు వెళ్లాలి. మరీ ఆలస్యం చేయకండి."

మా ఇంట్లో అసలు కష్టం ఇక్కడ మొదలైంది. తొలి కాన్పు పుట్టింట్లో. షారోను ఏడో నెలలో పుంగనూరుకు రావాలి. రూతు అప్పటికే వెనకగదికి సున్నం కొట్టించి, ఉయ్యాలకు కొక్కెం కూడా వేయించింది. నేను అల్లుడితో రైలెక్కి బెంగళూరు వెళ్లాను. రూతు కాన్పు పనుల్లో ఉండి రాలేదు. అక్కడ న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు మొదట అడిగిన మాట, "ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్నారా?" అని. ఉన్నారన్నాను. "మందు తీసుకున్నాక కొన్ని వారాలు వాళ్లకు దూరంగా ఉండాలి. మీ శరీరంనుంచే రేడియేషన్ వస్తుంది."

భయపడవలసినవాణ్ని. కానీ అబద్ధం ఎందుకు, నాకు లోలోపల ఏదో సంబరం. ముప్పై ఐదేళ్ల కిందట చదివిన మాటలు ఎవరో నా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నారు! డాక్టరు అయొడిన్-131 అనగానే నేను "సమస్థానీయం" అన్నాను. ఆయన నవ్వి, "అవును, ఐసోటోప్" అన్నారు.

ఇంటికొచ్చి రూతుకు నాకు తెలిసిన తీరులో వివరించాను. అయొడిన్ పరమాణువు నంబరు ప్లేటు యాభై మూడు. కేంద్రకంలో యాభై మూడు ప్రోటాన్లు అన్నమాట. ఉప్పులో ఉండే అయొడిన్‌దీ అదే ప్లేటు, ఆసుపత్రి అయొడిన్‌దీ అదే ప్లేటు. బరువులోనే తేడా. ఉప్పు అయొడిన్‌లో డెబ్బై నాలుగు న్యూట్రాన్లు, దీనిలో ఇంకో నాలుగు ఎక్కువ. మన టమోటా లారీకి ఓవర్‌లోడ్ చేస్తే ఎట్లా ఊగుతుందో అట్లా ఊగి, బీటానూ గామానూ బయటికి విసిరి కుదుటపడుతుంది. థైరాయిడ్ కణానికి ప్లేటే కనబడుతుంది, లోడు కనబడదు. ఉప్పు అయొడినే అనుకుని లోపలికి రానిస్తుంది. లోపలికి పోయాక బీటా దాన్ని చంపుతుంది. బీటా రెండు మిల్లీమీటర్లకు మించి పోదు, అందుకే పక్కవాటికి పెద్దగా దెబ్బ తగలదు.

రూతు బియ్యంలో రాళ్లేరుతూ వింటోంది. నేను ఉత్సాహంగా ముగించాను. "అర్ధాయువు ఎనిమిది దినాలంట, రూతూ."

ఆమె చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నిద్ర వస్తోందేమో అనుకున్నాను.

మర్నాడు పాస్టరమ్మగారు వచ్చి నా తలమీద చేయిపెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. మునెప్ప సెలూన్ మూసి మరీ వచ్చి, కాసేపు నా పక్కన కూర్చుని పోయాడు. ఆ తర్వాత బైరెడ్డిపల్లెనుంచి మా అక్క మరియమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసుకుని బస్సు దిగింది. గడపలోనే నన్ను పట్టుకుని ఏడుపు.

"ఏందక్కా, ఏమైంది?"

"నన్నడగతాండావా దానా? నీకిష్టమని ఓళిగలు తెచ్చినా. తిను నాయనా, కడుపునిండా తిను."

"తింటాలే. యాల ఏడుస్తాండావు?"

"ఇంకా దాస్తావేంరా! అర్ధాయుష్షంట కదా. ఎనిమిది దినాలేనంట కదా!"

వంటింటి గుమ్మంలో రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు నాకు తెలిసింది. అర్ధాయుష్షు అంటే మనవాళ్లకు నడివయసులో పోయేవాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు. నేను అర్ధాయువు అని చెప్పి, పైగా ఎనిమిది రోజులని లెక్క కూడా చెప్పాను, నవ్వుతూ.

"నాది కాదే! మందుది!" అన్నాను. బొంగురు గొంతుతో అరవబోతే కీచుమంది.

"మందుకి ఆయుస్సేంది?" అంది అక్క.

ఆమె తెచ్చిన ఓళిగ ఒకటి తీసి మధ్యకు విరిచాను. "సూడక్కా. ఎనిమిది దినాలకి మందు ఇంతే ఉంటాది. ఇంకో ఎనిమిది దినాలకి దీంట్లో సగం. మళ్లీ ఎనిమిదికి దాంట్లో సగం. అదే అర్ధాయువంటే." విరుస్తూ పోతే చివరికి వేలికొనకు అంటినంత మిగిలింది.

అక్క కన్నీళ్లు తుడుచుకుని ఆ ముక్కనే చూసింది. "అట్లయితే ఇది ఎప్పుటికీ అయిపోదే? సగంలో సగం మిగలతానే ఉంటాదే?"

రూతు నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు దించి అందుకుంది. "అదే నా భయం కూడా. నీకేం కాకపోతే సంతోషమే. ఆ మిగిలిందాంతో నువ్వు ఇంట్లో ఉంటే, కడుపుతో ఉండే బిడ్డను నేను ఈడికి యాడ తెచ్చేది? కాన్పు కానీ, ఆనక పోదువు మందుకి."

సర్జన్ ఆలస్యం వద్దన్నారని చెప్పాను. పుస్తకాల్లో చదివిందీ చెప్పాను. నేను చెప్పేకొద్దీ ఆమె ముఖం బిగుసుకుంది. చివరికి అల్లుడి తల్లి ఫోనులో ఒక్క మాటతో తేల్చింది. "కాన్పు మా ఇంట్లోనే చేస్తాం వదినా. మీరు ఈడికి రాండి. అన్నని మందు తాగమను. ఆచారం ఎవురి కోసరం? మనుషుల కోసరమే కదా!" రూతు ఒప్పుకుంది. వెనకగది కొక్కెం ఖాళీగా ఉండిపోయింది.

తర్వాతి వారాలు నా జీవితంలో చాలా మెల్లగా నడిచాయి. మిగిలిన కణాలకు అయొడిన్ ఆకలి పుట్టించాలని, ఆపరేషన్ తర్వాత రోజూ వేసుకుంటున్న థైరాయిడ్ మాత్ర ఆపారు. అయొడిన్ లేని ఉప్పు, చేపలు లేవు, పాలు లేవు. ఒళ్లంతా ఉబ్బి, ఎండలో కూడా చలి. మాట్లాడాలంటే మాట వెతుక్కోవాలి. నంబరు ప్లేటు మీద అంకెలు తారుమారు చేశానని తెలిసి అంగడి మూసేశాను. దానికి తోడు జ్వరం వచ్చి, బెంగళూరులో ఇచ్చిన తేదీ తప్పిపోయింది. వార్డులో గదులు తక్కువ, మళ్లీ తేదీ దొరికేసరికి షారోనుకు ఎనిమిదో నెల నిండబోతోంది.

ఐసోలేషన్ గది తలుపు నెట్టడానికి నాకు బలం చాలలేదు. లోపల సీసపు పలక ఉందట. క్యాప్సూల్ ఒక సీసపు డబ్బాలో వచ్చింది. రేడియేషన్ కొలతలు చూసే ఫిజిసిస్ట్ ఒక కోలారు అమ్మాయి, తెలుగు బాగా మాట్లాడుతుంది. దూరంగా నిలబడి, "మింగేయండి తాతా, నీళ్లు బాగా తాగండి. బాత్రూంకి వెళ్లినప్పుడల్లా మూడుసార్లు ఫ్లష్ చేయండి" అంది. తాత అన్న మాట నాకు బాగుంది. తలుపు మూసుకుంది.

మంచం మీద కూర్చుంటే మదనపల్లె పుస్తకంలో బొమ్మ గుర్తొచ్చింది. కాగితం, రేకు, సీసపు దిమ్మె. ఇన్నేళ్లూ నేను ఆ బొమ్మకు బయట నిలబడి చూసినవాణ్ని. ఇప్పుడు ఎడమవైపు ఆ చిన్న చుక్కను నేనే. నాలోనుంచి బాణాలు బయలుదేరుతున్నాయి. గ్రంథపాలకుడు గారు ఉండి ఉంటే ఆయనకు చెప్పాలనిపించింది. ఆ సాయంత్రాలు, ఆ కిరసనాయిలు వాసన, నన్ను ఎవరూ ఏమీ అడగని ఆ బెంచీ, అన్నీ ఆ గదిలోకి వచ్చి నాతో కూర్చున్నాయి. ఒంటరితనం అనిపించలేదు. లాలాజల గ్రంథులకు మంచిదని ఇచ్చిన పుల్లటి బిళ్లలు చప్పరిస్తూ నేను సుఖంగానే ఉన్నాను. రూతు ఒక్కతే ఎట్లా ఉందో అనేదే బాధ.

అక్క అడిగిన ప్రశ్నను ఫోనులో ఫిజిసిస్టును అడిగాను. ఓళిగ సంగతి చెప్పి, సగంలో సగం మిగులుతూనే ఉంటుంది కదా అని.

"మంచి ప్రశ్న తాతా. ఓళిగను విరుస్తూ పోతే చివరికి ఒకే రవ్వ మిగులుతుంది కదా, దాన్నింక విరవలేం. పరమాణువూ అంతే. ఆ చివరిదీ ఎప్పుడో ఒకప్పుడు జెనాన్ అనే వాయువుగా మారిపోతుంది. అయినా మీ ఒంట్లో అన్ని రోజులు ఎక్కడుంటుంది? చాలామటుకు మూత్రంలోనే పోతుంది. నేను మీటరుతో కొలిచే పంపిస్తాను."

కొలిచింది. పంపించింది. గర్భిణికీ పసిబిడ్డకూ నెలరోజులు దూరం అని చెప్పింది.

నేను పుంగనూరులో ఒక్కణ్నే, రూతు కుప్పంలో. ఆ నెల నిండకముందే, అనుకున్నదానికన్నా ముందుగా, షారోనుకు ఆడపిల్ల పుట్టింది. ఫోనులో ఏడుపు వినిపించారు. ఉండబట్టలేక కుప్పం బస్సెక్కాను, వెనక సీటులో ఒంటరిగా కూర్చుని. వీధికి ఇవతలి గోడ దగ్గర నిలబడ్డాను. దూరం రెండింతలైతే గామా నాలుగో వంతుకు పడిపోతుందని చదివాను, అందుకని ఇంకా నాలుగడుగులు వెనక్కి వేశాను. వియ్యపురాలు వసారాలోకి బిడ్డను తెచ్చి పైకెత్తి చూపించింది.

"సూడు తాతా, నీ ముక్కే!"

"ముక్కు కనబడలేదమ్మా, దుప్పటే కనబడతాండాది!"

వీధిలో వాళ్లందరూ నవ్వారు. రూతు నవ్వలేదు. ఆమె బిడ్డకూ నాకూ మధ్యలో, వసారా మెట్టు మీద నిలబడి ఉంది, ఆ సీసపు తలుపులాగా.

నెల దాటింది. ఎత్తుకుంటానన్నాను. "ఇంకో నెల పోనీ" అంది రూతు. ఆ నెలా దాటింది. "మీ డాక్టరు సగం సగం అంటాడు, నేను రెండింతలంటాను" అంది. నేను అర్ధాయువులన్నీ లెక్కగట్టి చెప్పాను. ఆమె వినలేదు.

బెంగళూరు చెకప్‌కు ఈసారి రూతును కూడా రమ్మన్నాను. డాక్టరు ముందు ఒకే కుర్చీ ఉంటే ఆమెను కూర్చోమని నేను గోడకు ఆనుకున్నాను. స్కాన్ శుభ్రంగా ఉందని ఆయన చెబుతుంటే మధ్యలోనే అడిగేసింది.

"అది సరే సార్. ఈయన మనవరాల్ని ఎత్తుకోవచ్చునా?"

"ఎప్పుడో ఎత్తుకోవచ్చమ్మా! ఇంకా ఎత్తుకోలేదా?"

"మిగిలింది ఏమన్నా ఉంటే?"

"బిడ్డకు హాని చేసేంత ఏమీ లేదు. నా మనవరాలైతే నేను ఇచ్చేవాణ్ని."

బయటికి రాగానే రూతు నామీద విరుచుకుపడింది. "ఎప్పుడో అంట! యాల సెప్పలేదు నువ్వు?"

"సెప్తానే ఉండా కదా ఇన్ని దినాలూ!"

"నువ్వు సెప్తే పుస్తకం సెప్పినట్టుంటాది. ఆయప్ప నాకు సెప్పినట్టు సెప్పినాడు."

ఆ సాయంత్రమే కుప్పంలో రైలు దిగాం. రూతే ఉయ్యాలలోనుంచి బిడ్డను తీసి నా చేతుల్లో పెట్టింది. వెచ్చగా ఉంది. దుప్పటి పక్కకు జరిపి ముందు ముక్కు చూశాను.

ఇప్పుడు మా మనవరాలు జెస్సీకి మూడేళ్లు నిండాయి. రోజూ పరగడుపున థైరాక్సిన్ మాత్ర వేసుకుంటాను, అది జీవితాంతం. గొంతు పూర్తిగా రాలేదు, చర్చిలో పాట పైకి పోయేచోట పెదాలు మాత్రం కదుపుతాను. అంగడి నడుస్తోంది. గ్రంథాలయానికి ఇంకా వెళుతున్నాను, చదవడం వల్ల నా భయం తగ్గిందని ఈనాటికీ నమ్ముతాను. అయితే నేను చదివినది నా భయాన్నే తగ్గించింది, రూతు భయాన్ని తగ్గించలేదు. ఇద్దరికీ ఒకే మందు పనిచేస్తుందని అనుకున్నాను.

కాబట్టి ఈ వైద్యానికి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరికి ధైర్యం ఉన్నవాణ్ని తోడు తీసుకెళ్లకండి. మీ ఇంట్లో ఎవరికి ఎక్కువ భయమో వాళ్లను తీసుకెళ్లండి. కుర్చీ వాళ్లకిచ్చి మీరు నిలబడండి. వాళ్లు అడగడం అయ్యేదాకా అక్కణ్నుంచి కదలకండి.